హౌసింగ్ అసోసియేషన్ వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తామంటే భయంతో నిద్ర పట్టడం లేదు: ఏం చేయాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. మీరు తూర్పు లండన్‌లో హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే లాభాపేక్ష లేని సంస్థ) ఇచ్చిన రెండు పడకగదుల ఫ్లాట్‌లో మీ అబ్బాయితో ఆరేళ్ళుగా ఉంటున్నారు, ఆందోళన రుగ్మతకు చికిత్స పొందుతున్నారు. ఇంటి స్థితిని సర్వే చేయడానికి మనిషిని పంపుతున్నామని ఉత్తరం వచ్చింది, తేదీకి ఇంకా పది రోజులుంది. ఆ ఉత్తరం చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, అన్నం సయించడం లేదు, అర్ధరాత్రి లేచి వంటగది గట్లు తుడుస్తున్నారు. ఇల్లు బాగాలేదని రాసుకుపోయి ఖాళీ చేయిస్తారేమో, ఇండియా నుంచి వచ్చి మూడు నెలలుగా మీ దగ్గర ఉంటున్న అమ్మగారి గురించి నిలదీస్తారేమో అన్నది మీ భయం. అసలు తలుపు తీయకుండా ఊరుకుంటే ఏమవుతుందని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. తలుపు తీయకుండా ఉండకండి. అయితే వాళ్ళు రాసిన తేదీకి, వాళ్ళు రాసిన వేళకే తీసి తీరాలన్న నియమం కూడా ఏదీ లేదు. ఏ రోజు రావాలి, ఎన్నింటికి రావాలి, మీ పక్కన ఎవరుండాలి, ఏవి ఫొటో తీయకూడదు అన్న విషయాల్లో మీకు వీలైన పద్ధతిని మీరే అడగవచ్చు, చాలా సందర్భాల్లో అది దొరుకుతుంది కూడా. ముందుగా అడగాలి, రాతపూర్వకంగా అడగాలి. ఇల్లు చిందరవందరగా ఉందన్న ఒక్క కారణంతో ఈ సర్వే తరువాత మిమ్మల్ని ఎవరూ ఖాళీ చేయించలేరు. అమ్మగారు కూతురి ఇంటికి చుట్టపుచూపుగా రావడం తప్పు కాదు.

నేను లండన్‌లో ఒక కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వ సంస్థలో) హౌసింగ్ ఆఫీసరుగా చాలా ఏళ్ళు పనిచేసి, ఆ తరువాత అద్దెదారులకు సలహా ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. తనిఖీ చేయడానికి వెళ్ళేవారి వైపు నుంచీ, ఆ తనిఖీకి భయపడేవారి వైపు నుంచీ ఈ వ్యవహారాన్ని చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. ఇందులో చెప్పిన చట్టాలు ఇంగ్లండ్‌కు వర్తించేవి. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో నియమాలు వేరుగా ఉంటాయి.

ముందుగా ఆ ఉత్తరాన్ని మళ్ళీ తీసి, వచ్చేది ఏ రకం తనిఖీయో చూడండి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది 'ఇన్‌స్పెక్షన్' అన్న మాట దగ్గరే ఆగిపోయి, కింద రాసిన నాలుగు వాక్యాలూ చదవలేకపోతారు. గ్యాస్ తనిఖీ 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం ఏటా జరిగి తీరాలి. గ్యాస్ సేఫ్ అనే అధికారిక రిజిస్టరులో నమోదు ఉన్న ఇంజనీరు వచ్చి బాయిలరు, దాని పొగగొట్టం, పైపులు చూసి వెళ్తాడు, మీ బీరువాలతో అతనికి పని లేదు. కరెంటు తనిఖీ సాధారణంగా అయిదేళ్ళకోసారి ఉంటుంది, అది జరిగేటప్పుడు కొంతసేపు కరెంటు ఆపుతారు. పదకొండు మీటర్లకు మించిన ఎత్తున్న భవనాల్లో ఫ్లాట్ల వీధి తలుపు మంటను ఆపగలదా లేదా, దానంతటదే మూసుకుంటుందా లేదా అని ఏటా చూడటానికి వస్తారు, ఆ పని గుమ్మం దగ్గరే అయిపోతుంది. హౌసింగ్ ఆఫీసరు వచ్చి ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో, ఒప్పందం మీద ఉన్న మనిషే ఉంటున్నారో లేదో చూసే టెనెన్సీ తనిఖీ ఇంకొకటి. మీకు వచ్చిన ఉత్తరం వీటిలో ఏదీ కాదు. మీరు రాసిన వివరాలను బట్టి అది స్టాక్ కండిషన్ సర్వే, అంటే ఆ సంస్థ తనకున్న ఇళ్ళన్నీ ఏ స్థితిలో ఉన్నాయో లెక్క రాసుకునే సర్వే.

ఇప్పుడే ఎందుకు వచ్చిందని, ఎవరైనా మీ మీద ఫిర్యాదు చేశారేమోనని మీరు అనుమానపడ్డారు. కారణం అది కాదు. 2023లో సోషల్ హౌసింగ్ (కౌన్సిళ్ళూ హౌసింగ్ అసోసియేషన్లూ అద్దెకిచ్చే ఇళ్ళ) నియంత్రణ చట్టం వచ్చింది, దాని వెంట 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ప్రతి ఇంటి స్థితి గురించీ ప్రత్యక్షంగా చూసి తయారుచేసిన కచ్చితమైన రికార్డు సంస్థ దగ్గర ఉండాలని ఆ ప్రమాణాలు చెప్తున్నాయి. వెయ్యి ఇళ్ళకు పైగా ఉన్న సంస్థలను వాటిని పర్యవేక్షించే ప్రభుత్వ రెగ్యులేటరు సుమారు నాలుగేళ్ళకోసారి స్వయంగా తనిఖీ చేస్తోంది. అందుకే ఏళ్ళ తరబడి ఎవరూ తొంగిచూడని ఇళ్ళకు కూడా ఇప్పుడు వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఆ సర్వేయరు చేతిలోని ఫారంలో వంటగది అల్మరాల వయసెంత, కిటికీలు సరిగ్గా మూసుకుంటున్నాయా, గోడలో చెమ్మ ఉందా అన్న ప్రశ్నలుంటాయి. గిన్నెలు కడిగారా లేదా అన్న గడి అందులో లేదు. పరీక్ష జరుగుతున్నది ఆ సంస్థకు, ప్రశ్నపత్రం మాత్రం మీ ఇంట్లో తెరుస్తున్నారు.

ఇక లోపలికి వచ్చే హక్కు సంగతి. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలో పదకొండో సెక్షన్ ప్రకారం ఇంటి స్థితిని చూడటానికి యజమాని కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా తెలియజేసి, పగటిపూట సబబైన వేళలో రావచ్చు. దీనికి రెండో వైపు కూడా ఉంది. అద్దె కడుతున్నంత కాలం ఆ ఇంట్లో ప్రశాంతంగా, జోక్యం లేకుండా బతికే హక్కు మీది, అది ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే. నోటీసు ఇచ్చాం కదా అని, మీరు వద్దంటున్నా తమ దగ్గరున్న తాళంచెవితో తెరుచుకుని లోపలికి రాకూడదు. మీరు పదేపదే ఒప్పుకోకపోతే వాళ్ళు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. గ్యాస్ లీకు, పైపు పగిలి కింది ఇంట్లోకి నీరు కారడం వంటి అత్యవసర పరిస్థితులు మాత్రం దీనికి మినహాయింపు. మీ ఒప్పందపత్రంలో కూడా ప్రవేశం గురించి ఒక పేరా ఉంటుంది, అది తీసి ఒకసారి చదవండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దెకుండి ఇక్కడికి వచ్చిన మనలో ఓనరు అంటే ఒక రకమైన బెదురు నాటుకుపోయి ఉంటుంది. పై అంతస్తులో ఓనరు ఉంటారు. మోటారు ఎప్పుడు వేయాలో, చుట్టాలు ఎన్నాళ్ళు ఉండాలో, ఇంట్లో మాంసం వండవచ్చో లేదో ఆయనే చెప్తారు, నచ్చకపోతే నెలాఖరుకు ఖాళీ చేయమంటారు. ఆ అనుభవంతో పెరిగిన మనిషికి ఇక్కడి ఉత్తరం కూడా అదే గొంతుతో వినిపిస్తుంది. ఇక్కడ కౌన్సిల్ ఇంట్లోనైనా, హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లోనైనా, కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బయటికి పంపలేరు. ఇల్లు పాడుచేశారన్న కారణం మీద కేసు వేసినా, పాడైన మాట నిజమని తేలినా కూడా, ఖాళీ చేయించడం సబబేనా అని జడ్జి విడిగా ఆలోచించి తీరాలి. సింక్ నిండా గిన్నెలు, సోఫా మీద మడతపెట్టని బట్టలు, గోడ మీద పిల్లవాడి క్రేయాన్ గీతలు అటువంటి కేసు దరిదాపులకు కూడా రావు. ఒక్క జాగ్రత్త: మీ ఒప్పందం మొదటి ఏడాది స్టార్టర్ టెనెన్సీ (కొత్త అద్దెదారులకు పరీక్షాకాలంగా ఇచ్చేది) అయితే రక్షణ కొంత తక్కువగా ఉంటుంది, అందుకని అది ఏ రకమో చూసుకోండి. ఆరేళ్ళుగా అక్కడే ఉంటున్నామన్నారు కాబట్టి ఆ దశ మీకు ఎప్పుడో దాటిపోయి ఉండాలి.

సర్వేయరు లోపలికి వచ్చాక ఏం చేస్తారో వరసగా చెప్తాను, ఎందుకంటే ఏం జరగబోతోందో తెలియకపోవడమే చాలామందిని ఎక్కువగా బాధపెడుతుంది. గుమ్మంలో ఫొటో ఉన్న కార్డు చూపిస్తారు. చేతిలో టాబ్లెట్ ఉంటుంది. ముందు హాల్లో ఫ్యూజు బాక్సు మూత ఎత్తి చూస్తారు. వంటగదిలో సింక్ కింది తలుపు తీసి టార్చి వేస్తారు, పైపు దగ్గర చెక్క ఉబ్బిందేమో చూస్తారు, పొగ లాగే ఫ్యాను వేసి ఆపుతారు. ప్రతి గదిలో ఒక కిటికీ తెరిచి మూస్తారు. స్నానాలగదిలో నేల మీది వినైల్ అంచు ఎక్కడైనా లేచిందా అని బూటు కొనతో నొక్కి చూస్తారు. మన ఇళ్ళలో బకెట్టూ మగ్గుతో స్నానం చేసేవారుంటే, తొట్టి పక్కనా గుమ్మం దగ్గరా ఆ అంచు తప్పకుండా లేచి ఉంటుంది, అందుకు కంగారు పడనక్కరలేదు. చెమ్మ కనిపిస్తే రెండు సూదులున్న చిన్న మీటరును గోడకు ఆనించి అంకె చదువుతారు. పొగ అలారం బటన్ నొక్కుతారు, అది ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఆందోళన ఉన్నవారికి ఆ రోజంతా సర్దుకోలేనంత ఉలికిపాటు కలిగించేది సాధారణంగా ఇదే, కాబట్టి నొక్కే ముందు చెప్పమని అడగండి, ఆ క్షణానికి మీరూ అబ్బాయీ బయటి వరండాలో నిలబడండి. అన్నీ కలిపి అరగంట అటూ ఇటూగా పడుతుంది.

అందువల్ల ఇల్లంతా కడిగే పని మానేయండి. మీరు సిద్ధం చేయవలసింది దారి మాత్రమే. బాయిలరు దగ్గరికి, ఫ్యూజు బాక్సు దగ్గరికి, సింక్ కిందికి, ప్రతి గదిలో ఒక కిటికీ దగ్గరికి మనిషి చేయి చాచి అందుకునేంత ఖాళీ ఉంటే చాలు. సింక్ కింద బియ్యం డబ్బాలూ పచ్చడి జాడీలూ పేర్చి ఉంటే ఆ ఒక్క అరగంటకు పక్కకు జరపండి. పసుపు మరకల గట్టు, తిరగమోత నూనె జిడ్డు పట్టిన ఫ్యాను జల్లెడ మీకు అవమానంగా అనిపించవచ్చు గానీ, వండుకు తినే ప్రతి ఇంట్లోనూ సర్వేయర్లు చూసేవే అవి. నిజంగా వారు రాసుకునేది నడవడానికి దారి లేనంతగా, మంట అంటుకుంటే బయటపడలేనంతగా సామాను పేరుకుపోయిన ఇళ్ళ గురించి. అప్పుడు కూడా సహాయం అందించే సిబ్బందికి చెప్పడమే మొదట జరగవలసిన పని.

చెమ్మా బూజూ గురించి విడిగా రాయాలి, ఎందుకంటే మీ పడకగది మూలలో నల్లటి మచ్చలున్నాయనీ, సర్వే లోపు పెయింటు వేసేస్తే ఎలా ఉంటుందనీ అడిగారు. వేయకండి. మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం సరిగ్గా అదే పని చేసింది. భర్త తనిఖీకి ముందు వారాంతంలో బూజు మీద తెల్ల రంగు వేశారు, సర్వేయరు గోడ బాగుందని రాసుకుని వెళ్ళారు. శీతాకాలానికి మచ్చలు రంగును చీల్చుకుని బయటికి వచ్చాక, మీ ఇంట్లో సమస్య లేదని మా రికార్డు చెప్తోంది కదా అని సంస్థ వాదించింది. రికార్డులోని ఆ ఒక్క మాటను కొట్టివేయించడానికి మాకు చాలాకాలం పట్టింది. మచ్చలను అలాగే ఉంచండి, తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి, సర్వేయరును చేయి పట్టుకు తీసుకెళ్ళినట్టుగా ఆ మూలకు తీసుకెళ్ళి చూపించండి. అబ్బాయికి దగ్గో ఆస్తమానో ఉంటే అది కూడా చెప్పండి.

మీరు వంట ఎక్కువ చేస్తారు, బట్టలు లోపల ఆరేస్తారు, అందుకే బూజు అని ఎవరైనా అంటే తలదించుకోకండి. రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు ఇంట్లోని బూజు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయాడు. తండ్రి ఎన్నోసార్లు మొరపెట్టుకున్నా సరైన మరమ్మతు జరగలేదు. కుటుంబం బతికే తీరే దానికి కారణమని ఊహించుకోవడం తప్పేనని ఆ ఇల్లు ఇచ్చిన హౌసింగ్ సంస్థ తరువాత ఒప్పుకుంది. అంతకు ముందే, 2021లో, ఇటువంటి సంస్థల మీద అద్దెదారుల ఫిర్యాదులను విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ కూడా చెమ్మను అద్దెదారుల జీవనశైలికి అంటగట్టే ధోరణిని ప్రత్యేక నివేదికలో తప్పుబట్టింది. ఆ బాబు పేరుతోనే వచ్చిన అవాబ్ చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఆరోగ్యానికి గణనీయంగా హాని చేయగల చెమ్మా బూజూ గురించి తెలిసిన పది పనిదినాల్లో సంస్థ విచారించాలి, విచారణ ముగిసిన మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా ఏం తేలిందో చెప్పాలి, ప్రమాదం ఉందని తేలితే అయిదు పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. అత్యవసరమైతే 24 గంటల్లోనే. అంటే మీరు దాచాలనుకుంటున్న ఆ మచ్చను చూపించడం వల్ల మీకు కలిగేది మేలే. వంట చేసేటప్పుడు ఫ్యాను వేయడం, కుక్కరు ఆవిరి పోయేలా కిటికీ కాస్త తెరవడం మంచి అలవాట్లే, అవి చేయండి. గోడలోంచి వచ్చే చెమ్మకు మాత్రం అవి మందు కావు.

ఇక అమ్మగారి విషయం. స్టాక్ కండిషన్ సర్వేకు వచ్చిన మనిషి ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని విచారణ చేయడానికి రాలేదు. రెండో గదిలో అదనపు పరుపు కనిపించినా, అడిగితే, మా అమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చారు, ఫలానా నెలలో తిరిగి వెళ్తారు అని ఉన్న మాట చెప్పండి. 2013 నాటి చట్టం ప్రకారం నేరమయ్యేది సోషల్ హౌసింగ్ ఇంటిని అనుమతి లేకుండా వేరొకరికి అద్దెకిచ్చి తాను మరో చోట ఉండటం, తల్లిని కొన్నాళ్ళు ఉంచుకోవడం కాదు. అయితే కొన్ని ఒప్పందాల్లో అతిథులు కొన్ని వారాలకు మించి ఉంటే తెలియజేయాలన్న నియమం ఉంటుంది. మీ ఒప్పందంలో అలా ఉంటే ఒక చిన్న ఈమెయిల్ ఇప్పుడే పంపేయండి. అమ్మగారిని ఆ ఉదయం తెలిసినవాళ్ళ ఇంటికి పంపించేద్దామన్న మీ ఆలోచన నాకు నచ్చలేదు. దాచినది బయటపడుతుందేమోనన్న దిగులు మీ ఆందోళనను రెట్టింపు చేస్తుంది, పైగా ఆ సమయంలో మీ పక్కన ఉండవలసిన మనిషి ఆవిడే.

రాయవలసిన ఈమెయిల్ గురించి. ఇంగ్లీషులో, నాలుగైదు వాక్యాల్లో రాయండి. మొదట మీ పేరు, చిరునామా, ఉత్తరం మీది రిఫరెన్సు నంబరు. తరువాత, సర్వేకు నేను సహకరిస్తాను అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే రేపు ఏ వివాదం వచ్చినా అందరూ మొదట వెతికేది దాన్నే. ఆ తరువాత, నాకు ఆందోళన రుగ్మత ఉంది, దానికి చికిత్స పొందుతున్నాను, 2010 నాటి సమానత్వ చట్టం కింద సబబైన సర్దుబాట్లు కోరుతున్నాను అని రాయండి. రోజువారీ పనులకు గట్టిగా అడ్డుపడుతూ ఏడాదో, అంతకు మించో ఉండే మానసిక ఇబ్బంది ఆ చట్టం దృష్టిలో వైకల్యం కిందికి రావచ్చు. అప్పుడు సర్దుబాటు చేయడం సంస్థ బాధ్యత అవుతుంది. ఏం కావాలో స్పష్టంగా చెప్పండి: ఉదయం మొదటి అప్పాయింట్‌మెంట్, ఎనిమిది నుంచి అయిదు వరకు ఎప్పుడైనా అని కాకుండా రెండు గంటల వ్యవధి, బయలుదేరేటప్పుడు ఫోను, వచ్చేవారి పేరు, వీలైతే మహిళా సర్వేయరు, అలారం నొక్కే ముందు హెచ్చరిక, అవసరమైతే తెలుగు దుబాసీ. జీపీ (మీరు నమోదైన స్థానిక డాక్టరు) దగ్గర నుంచి రెండు వాక్యాల ఉత్తరం ఉంటే జతచేయండి, లేకపోతే అది వచ్చేవరకు ఆగకుండా ఈమెయిల్ పంపేయండి. కొందరు జీపీలు అటువంటి ఉత్తరానికి రుసుము తీసుకుంటారు. మందుల చీటీ నకలు కూడా చాలావరకు పనికివస్తుంది.

ఉదయం మొదటి అప్పాయింట్‌మెంట్ అడగమన్నది ఊరికే కాదు. తనిఖీ జరిగే అరగంట కన్నా దాని కోసం ఎదురుచూసే గంటలే మనిషిని ఎక్కువగా పీల్చేస్తాయి. మధ్యాహ్నం దాకా కిటికీలోంచి కారు పార్కింగు వైపు చూస్తూ కూర్చునే పరిస్థితి తప్పితే సగం బరువు తగ్గుతుంది. దుబాసీ సంగతి కూడా ఊరికే చెప్పలేదు. ప్రాథమిక పాఠశాలకు వెళ్ళే పిల్లవాడు తల్లికీ ఆఫీసరుకూ మధ్య నిలబడి, అమ్మకు బాగాలేదట అని అనువదించడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఆ భారం పిల్లవాడి మీద పెట్టకండి. మీ ఇంగ్లీషు బాగానే ఉన్నా, గాభరాలో మాటలు రానప్పుడు మీ తరఫున మాట్లాడే పెద్ద మనిషి ఒకరుండటం మంచిది.

ఆ రోజు గుమ్మంలో కార్డు చూశాక అనుమానంగా ఉంటే తలుపు గొలుసు తీయకుండానే సంస్థకు ఫోను చేయండి, ఆ కార్డు మీదున్న నంబరుకు కాకుండా మీ అద్దె కాగితం మీదున్న నంబరుకు. మంచి సర్వేయరెవరూ దానికి నొచ్చుకోరు. చెప్పులు విప్పమంటే చాలామంది భద్రతా నియమాల వల్ల బూట్లు విప్పలేమంటారు, కానీ బూట్ల మీద తొడిగే ప్లాస్టిక్ కవర్లు వాళ్ళ సంచిలోనే ఉంటాయి, అడిగితే వేసుకుంటారు. దేవుడి మూలను, గోడ మీది కుటుంబ ఫొటోలను, మందుల సీసాలను ఫొటో తీయవద్దని చెప్పండి. వారికి గోడలూ అమరికలూ కావాలి గానీ మీ వస్తువులు కాదు. దీపం వెలుగుతూ ఉంటే కంగారుగా ఆర్పేయనక్కరలేదు, కర్టెనుకు దూరంగా, పళ్ళెంలో ఉంటే చాలు. వెంట తిరగగలిగితే తిరగండి, లేకపోతే, నేను హాల్లో కూర్చుంటాను, ఏదైనా ఉంటే చివర్లో అడగండి అని చెప్పి కూర్చోండి. మధ్యలో ఊపిరి ఆడనట్టనిపిస్తే, అయిదు నిమిషాలు ఆగండి అని చెప్పి బయటికి వెళ్ళే అధికారం మీకుంది. ఊపిరి పీల్చినదానికన్నా వదిలేటప్పుడు ఎక్కువసేపు తీసుకుంటే గుండె దడ కొంత నెమ్మదిస్తుంది. అది ఆ రోజే మొదటిసారి ప్రయత్నిస్తే ఫలించకపోవచ్చు, ఈ పది రోజులూ రోజుకు కాసేపు చేసి చూడండి.

తలుపు తీయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను. ఒంటరిగా ఉంటున్న ఒకావిడ బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. గ్యాస్ తనిఖీ ఉత్తరాలన్నీ విప్పకుండా సొరుగులో పడేశారు. ఆవిడ మా దగ్గరికి వచ్చేసరికి సంస్థ కౌంటీ కోర్టులో ఉత్తర్వు కోసం దరఖాస్తు చేసింది. గ్యాస్ విషయంలో సంస్థకు కూడా వేరే దారి లేదు, ఏటా తనిఖీ చేయించకపోతే చట్టం ముందు దోషి అది అవుతుంది. అటువంటి కేసుల్లో ఖర్చులు కూడా అద్దెదారు మీద పడవచ్చు. మేం చేసింది చాలా చిన్న పని: ఆవిడ పరిస్థితిని వివరిస్తూ ఉత్తరం రాసి, మహిళా ఇంజనీరును, ఫలానా ఉదయాన్ని, పక్కన మా మనిషిని కోరాం. విచారణ తేదీకి ముందే తనిఖీ జరిగిపోయింది, దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు. ఆ ఉత్తరం మొదటి నోటీసు వచ్చినప్పుడే వెళ్ళి ఉంటే కోర్టు కాగితం ఆవిడ గుమ్మంలోకే వచ్చేది కాదు. మీకు జరిగేది గ్యాస్ తనిఖీ కాదు కాబట్టి ఒకసారి వాయిదా కోరినంత మాత్రాన ఏమీ కాదు. మౌనంగా ఉండటం మాత్రం ప్రమాదం.

సర్వే అయిన సాయంత్రమే ఇంకో ఈమెయిల్ రాయండి: ఈ రోజు ఫలానా వారు వచ్చారు, పడకగది మూల బూజు, స్నానాలగది వినైల్ చూపించాను, మరమ్మతులు నమోదు చేసి నంబర్లు పంపండి అని. సర్వేకు వచ్చేవారు తరచుగా బయటి కంపెనీ మనుషులై ఉంటారు, వారికి చెప్పిన మరమ్మతు దానంతటదే సంస్థ మరమ్మతుల విభాగానికి చేరుతుందన్న హామీ లేదు. మీ ఇంటి గురించి ఏం రాసుకున్నారో చూడాలనుకుంటే, మీకు సంబంధించిన సమాచారం ఇవ్వమని అడిగే హక్కు ఉంది, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. మర్యాద తప్పి మాట్లాడినా, సర్దుబాట్లు పట్టించుకోకపోయినా సంస్థకే ఫిర్యాదు చేయండి. అయిదు పనిదినాల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, ఆపైన పది పనిదినాల్లో మొదటి జవాబు ఇవ్వాలి. అది సంతృప్తిగా లేకపోతే రెండో దశ, ఆ తరువాత హౌసింగ్ ఆంబుడ్స్‌మన్, దీనికి ఖర్చేమీ ఉండదు. షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ అనే స్వచ్ఛంద సంస్థల వాళ్ళు కూడా ఉచితంగా సలహా ఇస్తారు.

నిద్ర, తిండి రెండూ చెడిపోయాయంటే ఈ సర్వే అయిపోయాక కూడా డాక్టరు దృష్టికి వెళ్ళవలసిన విషయమది. ఇంగ్లండ్‌లో ఎన్.హెచ్.ఎస్. (ప్రభుత్వ వైద్య సేవ) వారి టాకింగ్ థెరపీస్‌కు, అంటే మాటల ద్వారా చేసే మానసిక చికిత్సకు, జీపీ సిఫారసు లేకుండా మీరే పేరు నమోదు చేసుకోవచ్చు, దుబాసీని కూడా అడగవచ్చు. ఏ రాత్రైనా తట్టుకోలేనంతగా అనిపిస్తే ఎన్.హెచ్.ఎస్. సహాయ నంబరు 111కు ఫోను చేసి మానసిక ఆరోగ్యానికి సంబంధించిన రెండో ఎంపిక నొక్కండి, ఏ వేళలోనైనా మనిషి పలుకుతారు.

ఇంకా పది రోజులుంది కాబట్టి రేపు ఉదయమే ఈమెయిల్ పంపండి. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అద్దె కాగితం మీది నంబరుకు ఫోను చేసి, ఈమెయిల్ అందిందా అని అడిగి, మాట్లాడినవారి పేరూ సమయమూ రాసుకోండి. వాళ్ళ జవాబులో ఏదైనా అర్థం కాకపోతే పేరూ చిరునామా తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.